వదులు తలుపు

ముల్లంగి ఆకు పట్టుకుని వంగి నిలబడిన మేస్త్రిని దొరగారు ఒక కంటితో చూశారు. చూసి, ఆ కన్ను కూడా మూసుకున్నారు.

"తినండి బాబూ. షెడ్డుకి టైమవుతోంది," అన్నాడు మేస్త్రి.

దొరగారు ఉలకలేదు, పలకలేదు. మూరెడు పొడవు, ఎండిన మట్టిరంగు ఒళ్ళు, గడ్డం కింద ముళ్ళుముళ్ళుగా వేలాడే చర్మం. తొండ జాతే గాని గోడల మీద తిరిగే మామూలు తొండ కాదు. పెంపుడు జంతువుల దుకాణంలో అద్దం వెనక కూర్చుని వచ్చేపోయేవాళ్ళని పరిశీలించే రకం. ఇసకలో ఒక రాయి. రాయి మీద పొట్ట ఆనించి, తల ఎత్తి, బయట జనం అర్జీలు పట్టుకుని నిలబడి ఉన్నారన్నంత ధీమాగా కూర్చుంటారు. అందుకే మేస్త్రి భార్య ఆ పేరు పెట్టింది. పేరు వెంట మర్యాద కూడా వచ్చి చేరింది. ఆ ఇంట్లో ఆయన్ని 'అది' అనేవాళ్ళు లేరు.

మేస్త్రి ఆకుని ఇంకొంచెం ముందుకి జరిపాడు. ఆకు కదలకుండా నిలబడింది. అదే చిక్కు. వయసులో ఉన్నప్పటినుంచీ ఉలి పట్టిన చెయ్యి, తుమ్మినా కదలదు. దొరగారి దృష్టిలో కదలనిది తిండే కాదు. మేస్త్రి కావాలని చెయ్యి వణికించి చూశాడు. విసనకర్రతో విసిరినట్టయింది. దొరగారు నింపాదిగా లేచి, అటు తిరిగి, తోక ఇటు పెట్టి పడుకున్నారు.

మంచం మీద కూర్చుని చూస్తున్న భార్య నవ్వింది. "మీ వల్ల కాదు లెండి. వణకడం అందరికీ వస్తుందా?"

ఆవిడకి వచ్చు. కుడి బొటనవేలితో మొదలైన వణుకు జబ్బు ఇప్పుడు రెండు చేతుల్నీ పట్టుకుంది. టీ గ్లాసు సగమే నింపుకుంటుంది. జాకెట్టు హుక్కులు మేస్త్రి పెడతాడు, జడ మేస్త్రి వేస్తాడు. మొదట్లో ఆ జడ చూసి పక్కింటావిడ "తాడు పేనించుకున్నారా" అని అడిగింది. ఇప్పుడు అడగడం లేదు, కుదురుగానే వేస్తున్నాడు. ఇన్ని పనులు పోగొట్టుకున్న చేతులకి కొత్తగా దక్కింది ఒక్కటే. ఆవిడ పట్టుకున్న ఆకు ప్రాణం ఉన్నట్టు రెపరెపలాడుతుంది. దొరగారు రాయి మీదనుంచి ఒక్క దూకు దూకి లాక్కుంటారు. ఆ క్షణాన ఆవిడ ముఖం చూడాలి. లాటరీ తగిలినవాళ్ళు కూడా అంత సంతోషపడరు.

ఇప్పుడు ఆ సంతోషానికి దొరగారి పెట్టె తలుపు అడ్డమొచ్చింది. దొరగారికి ఒళ్ళు వేడెక్కితేగాని ఆకలి పుట్టదు. పొద్దున దీపం వేస్తే మధ్యాహ్నానికిగాని మనుషుల్లో పడరు. అప్పటికి మేస్త్రి షెడ్డులో ఉంటాడు. సాయంత్రం అతను ఇల్లు చేరేసరికి దొరగారు కొలువు చాలించి రాయి కింద దూరి ఉంటారు. తలుపు తీయగలిగిన మనిషి ఇంట్లో ఉన్నప్పుడు ఆయనకి ఆకలి ఉండదు. ఆయనకి ఆకలైనప్పుడు ఇంట్లో ఉన్న మనిషి తలుపు తీయలేదు. వారాలుగా ఇదే వరస. తోక మొదలు సన్నబడిపోయింది, తుంటి ఎముకలు బయటపడ్డాయి. పశువుల డాక్టరు పట్టి చూసి, "మందేం లేదమ్మా దీనికి. తిండే మందు. ఎలాగోలా తినిపించండి, లేకపోతే దక్కదు," అని చెప్పేశాడు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆవిడ కూడా కంచం ముందు కూర్చుని కెలికి లేస్తోంది. ఇద్దరూ కలిసి చిక్కిపోతుంటే చూడడం మేస్త్రికి చేతకావడం లేదు.

"ఇవాళ మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చేస్తాను," అన్నాడు, దొరగారి తలుపుకి గడియ వేస్తూ. "కొత్త తలుపు అయిపోవచ్చింది. తెచ్చి బిగిస్తాను. ఆకు నువ్వే పెడుదువుగాని."

"ఇది ఎన్నోదండీ?"

"లెక్కలెందుకు నీకు? ఇల్లు కట్టి చూడమన్నారు గాని తొండకి తలుపు కట్టి చూడమని ఎవరూ చెప్పలేదు. అందుకే ఆలస్యమైంది."

ఆవిడ మళ్ళీ నవ్వింది. ఆ నవ్వుని వెంటబెట్టుకుని వీధి చివరిదాకా నడిచాడు మేస్త్రి. ఎడమ భుజం పీకుతోంది. రాత్రి పడుకున్న తీరు బాగాలేదనుకున్నాడు.

దొరగారు ఈ ఇంటికి బకెట్లో వచ్చారు. ఆవిడ ఒక బడిలో ఆయాగా పనిచేసేది. బడివాళ్ళు సైన్సు గది తీసేసి కంప్యూటర్లు పెట్టుకుంటూ, సీసాల్లో ఉన్నవాటిని పారేసి, ప్రాణంతో ఉన్న ఈ ఒక్కదాన్నీ ఏ తోటలోనైనా వదిలేసి రమ్మని ఆవిడకే చెప్పారు. తోట దాకా వెళ్ళింది. చలిగాలి వీస్తోంది. బకెట్లోకి చూస్తే ఈయన తల ఎత్తి చూస్తున్నారు. బకెట్ మీద కొంగు కప్పి ఇంటికి తెచ్చేసింది.

"తొండ ముదిరితే ఊసరవెల్లి అంటారు. ఇది ముదిరితే ఏమవుతుందో," అన్నాడు మేస్త్రి ఆరోజు.

"మనవాడవుతాడు," అంది ఆవిడ.

వాళ్ళకి పిల్లలు కలగలేదు. కొన్నేళ్ళు ఇద్దరూ దానికి బాధపడ్డారు, తర్వాత ఆ మాట ఎత్తడం మానేశారు. మేస్త్రి పాత చెక్కబీరువాని అడ్డంగా పడుకోబెట్టి, అరలు కోసి, ఇసక పోసి, దీపం పెట్టి దొరగారికి మేడ కట్టాడు. ముందువైపు పక్కకి జరిగే అద్దాలు పెట్టాడు. ఆవిడ చేతులు బాగున్నన్నాళ్ళు ఆ అద్దాలకేమీ లోటు రాలేదు.

చేతులు వణకడం మొదలయ్యాక అద్దాల కింది గాడిలో పడ్డ ఇసక రేణువు కూడా కొండై కూర్చుంది. పైనుంచి ఎత్తే మూత చేశాడు. పైనుంచి చెయ్యి దిగితే దొరగారికి గద్ద దిగినట్టే. మూలకి పోయి నల్లబడి, మూత మూసినా బయటికి రాలేదు. అయస్కాంతంతో అతుక్కునే తలుపు చేశాడు. దాన్ని ఆవిడ సులువుగా తీసేది, దొరగారు అంతకంటే సులువుగా తలతో పొడిచి తీసేవారు. ఒక మధ్యాహ్నం అలాగే తీసుకుని షికారు వెళ్ళిపోయారు. ఆవిడ మోకాళ్ళ మీద పాకుతూ ఇల్లంతా వెతికి, చివరికి పొయ్యి వెనక వెచ్చగా పడుకున్న మనిషిని చూసి, లేవబోయి తూలి పడింది. నుదుటి మీద బొప్పి కట్టింది. ఆ సాయంత్రం మేస్త్రికి చెప్పలేనంత భయమేసింది. భయంలో చేసిన తలుపు ఇప్పుడున్నది. మడతబందులు, అద్దం పలక, స్ప్రింగు గడియ, చుట్టూ రబ్బరు. దొరగారే కాదు, వాళ్ళ ముత్తాతలు దిగివచ్చినా తెరుచుకోదు. మేస్త్రి చేసిన అన్ని తలుపుల్లోకీ గొప్ప తలుపు.

ఆవిడ వేళ్ళకీ అది తెరుచుకోలేదు. ఒకరోజు కళ్ళజోడు మర్చిపోయి మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు మేస్త్రి. వీధి తలుపు చేరవేసి ఉంటే సందులోంచి చూశాడు. ఆవిడ నేల మీద, దొరగారి తలుపు ముందు కూర్చుని ఉంది. ఆకుని అద్దానికి బయటినుంచి ఆనించి పట్టుకుంది. ఆకు రెపరెపలాడుతోంది. లోపలినుంచి దొరగారు ముందుకాళ్ళతో అద్దాన్ని గీరుతున్నారు. నోరు తెరిచి అద్దాన్ని కరవబోయి జారిపోతున్నారు, మళ్ళీ లేచి కరవబోతున్నారు. "గడియ రావట్లేదు నాయనా," అంటోంది ఆవిడ. "సాయంత్రం ఆయన వస్తారు, తీస్తారు."

మేస్త్రి లోపలికి వెళ్ళలేకపోయాడు. కళ్ళజోడు లేకుండానే తిరిగి షెడ్డుకి వెళ్ళి, ఆ సాయంత్రమంతా కొలతలు తప్పు పెట్టాడు. అందరి ఇళ్ళకీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, బస్సులన్నిటికీ తలుపులు బిగించేవాడు ఇంట్లో పెళ్ళానికి అడ్డంగా ఒక తలుపు బిగించాడు. ఆ సంగతి షెడ్డులో అవతలి బల్ల వెల్డరుతో కూడా చెప్పుకోలేకపోయాడు.

షెడ్డులో మేస్త్రిని మడతబందు అంటారు. ఎదురుగా మడతబందు మావయ్య, చాటున వట్టి మడతబందు. బస్సులకి ఒళ్ళు కట్టే షెడ్డు అది. ఒకవైపునుంచి చక్రాలూ ఇంజనూ మాత్రమే ఉన్న బోసి బండి వస్తుంది, రెండోవైపునుంచి సీట్లూ అద్దాలూ రంగుతో బస్సు బయటికి పోతుంది. మధ్యలో ఒక చోట మేస్త్రి బల్ల. తలుపుల పని తప్ప వేరే పని అతను చెయ్యలేదు, ఎవరూ చెయ్యమనలేదు.

కుర్రతనంలో బిగించిన మొదటి తలుపు వారం తిరక్కుండా వెనక్కి వచ్చింది. గుంత వచ్చిన ప్రతిచోటా లొడలొడమంటోందని, దారిపొడుగునా ప్రయాణికులు తననే తిట్టారని డ్రైవరు షెడ్డు ముందు బస్సు ఆపి, నలుగురిలో నానామాటలూ అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి మేస్త్రికి. ఆ రోజునుంచి అతని చేతి కింద లొడ అన్నది లేదు. చట్రానికీ తలుపుకీ మధ్య వెలుతురు కనబడితే మళ్ళీ విప్పేవాడు. గాడి లోపల దళసరి గుడ్డపట్టీ అంటించి, తలుపు అందులో మెత్తగా, గట్టిగా కూర్చునేదాకా ఊరుకునేవాడు కాదు. అతని తలుపులు మూస్తే ధబ్ అనవు, టప్ అంటాయి. ఎవరికీ పట్టని ఆ చిన్న తేడా కోసం ఒక మనిషి ఒక జీవితం ఖర్చు పెట్టాడంటే నవ్వొస్తుంది. అతనికి మాత్రం ఎప్పుడూ నవ్వు రాలేదు.

కొత్త తలుపు బల్ల కింద గోనెసంచిలో ఉంది. అద్దంలా కనబడే పలచటి అక్రిలిక్ పలక, చుట్టూ సన్నటి చెక్కపట్టీలు. దీని ఆలోచన మేస్త్రికి భోజనాల దగ్గర వచ్చింది. ఆవిడ కంచాన్ని వేళ్ళతో పట్టుకోవడం మానేసి, రెండు ముంజేతుల మీద ఆనించి తెస్తుంది. వేళ్ళు మాట వినవు గాని ముంజేతులు ఇంకా వింటాయి. వేళ్ళతో పని లేని తలుపు కావాలి. పక్కకి జరగకూడదు, బయటికి తెరుచుకోకూడదు, పైకి లేవాలి. నిలువు గాడులైతే ఇసక నిలవదు. తలుపు అడుగున బయటికి పొడుచుకువచ్చేలా ఒక గుండ్రటి కర్ర. దాని కింద ముంజెయ్యి పెట్టి ఎత్తితే చాలు. చెయ్యి తీసేస్తే తలుపు తనంతట తనే మెల్లగా దిగిపోవాలి, దొరగారు షికార్లు వెళ్ళకుండా. మెల్లగా దిగాలంటే తాడు, పైన రెండు చిన్న కప్పీలు, వెనక తలుపుకంటే పిసరంత తక్కువ బరువు.

మేస్త్రి చెక్కపట్టీ అంచులకి చిత్రిక పట్టాడు. నాలుగు సార్లు తోసేసరికి నుదుటి మీద చెమట పట్టింది. చెయ్యి ఆపి బల్ల పట్టుకున్నాడు.

"ఏం మావయ్యా, అలా ఉన్నావు?" అన్నాడు అవతలి బల్ల దగ్గరి వెల్డరు, కళ్ళద్దాలు పైకి తోసి.

"గ్యాసురా."

"పొద్దున్నేం తిన్నావు?"

"తినకపోయినా వస్తుంది ఈ వయసులో. మడతబందులు కిర్రుమంటాయి. నూనె వేసుకుంటే సరిపోతుంది."

"నూనె ఎవరు వేస్తారు నీకు? డాక్టరు దగ్గరికి పద, నేనొస్తాను."

"రేపు వెళ్దాం లేరా. ఇవాళ దొరగారి గృహప్రవేశం ఉంది."

వెల్డరు తల పట్టుకున్నాడు. "తొండకి బస్సు తలుపు పెట్టే మొగుడు ఎవరికి దొరుకుతాడు చెప్పు. మా ఆవిడ వింటే నా ప్రాణం తీస్తుంది. వంటింటి తలుపు ఊడిపోయి మూడు పండగలైంది."

మేస్త్రి నవ్వి, ఇంట్లో బిగించాల్సిన రెండు నిలువు చట్రాల్లోనూ గాడులకి గుడ్డపట్టీ అంటించాడు. పని పూర్తయ్యాక తలుపుని గాడిలో పెట్టి పైకీ కిందకీ జరిపి చూశాడు. చప్పుడు లేదు. సందు లేదు. ఎప్పటిలాగే అతనికి ఒళ్ళు తేలికైంది. సూపర్‌వైజరుతో చెప్పి, సంచి భుజాన వేసుకుని బయలుదేరాడు.

బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు, పలకకి ఎక్కడ దెబ్బ తగులుతుందోనని. తలుపు పక్కన నిలబడ్డాడు. తను బిగించిన తలుపే అది, అతనికి తెలుసు. ఎన్నో గుంతలు దాటింది, కిక్కురుమనలేదు. దాని అంచు మీద బొటనవేలు ఒకసారి రాసి, ఎవరైనా చూశారేమోనని చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి దొరగారు పూర్తిగా మేల్కొని ఉన్నారు. ఒళ్ళు పసుపు తిరిగింది. రాయి మీద నిటారుగా కూర్చుని బయటికి చూస్తున్నారు. ఆవిడ ఆకులు కడిగి పళ్ళెంలో పెట్టి, శుభ్రమైన చీర కట్టుకుని సిద్ధంగా ఉంది. చీర కుచ్చిళ్ళు వంకరటింకరగా ఉన్నాయి. తనంతట తనే కట్టుకున్నట్టుంది.

మేస్త్రి పాత తలుపు విప్పేసి, ఆ సందుకి దుప్పటి అడ్డం కట్టి, కొత్త చట్రాలు బిగించాడు. కప్పీలు ఎక్కించాడు. బరువు కోసం పాత మేజోడులో ఇనప నట్లు పోశాడు. ఒకటి వేస్తూ, ఒకటి తీస్తూ, తలుపు చేతిలో దూదిలా తేలేదాకా సరిచూసుకున్నాడు. తర్వాత తప్పుకుని నిలబడ్డాడు.

"ఊఁ. కర్ర కింద చెయ్యి పెట్టు. ఎత్తు."

ఆవిడ ముంజెయ్యి పెట్టింది. ఎత్తింది. తలుపు కదల్లేదు. ఇంకో చెయ్యి కూడా ఆనించి ఎత్తింది. చేతుల వణుకుకి తలుపు ఇటో వెంట్రుకవాసి, అటో వెంట్రుకవాసి ఒరిగి, గాడిలో బిగుసుకుపోయింది. మేస్త్రి నిలకడైన చేతికి వెన్నలా జారిన తలుపు, వణికే చేతికి గోడ అయింది. లోపలినుంచి దొరగారు వచ్చి పలకని గీరడం మొదలుపెట్టారు.

ఆవిడ చేతులు తీసేసింది. ఒళ్ళో పెట్టుకుంది. ఒళ్ళో కూడా అవి ఊరుకోలేదు.

"మీ తలుపులన్నీ ఇంతేనండీ," అంది మెల్లగా. "మూసుకోవడం ఒక్కటే నేర్పారు వాటికి. పోనీలెండి. దొరగార్ని ఎవరికైనా ఇచ్చేద్దాం. బతికుంటే చాలు."

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ అతని పనికి వంక పెట్టడం అదే మొదటిసారి. కోపంగా అన్నా బాగుండేది. "ఇస్తానంటే ఊరుకుంటానా," అన్నాడు మేస్త్రి. అని, నేల మీద చతికిలబడి, గాడిలోంచి తలుపు లాగేసి, దుప్పటి మళ్ళీ అడ్డం వేశాడు. గోరు దూర్చి గుడ్డపట్టీ పట్టుకున్నాడు. పొద్దున అంటించిన పట్టీ, బాగా అంటుకుంది. బలంగా లాగితే పెచ్చులుగా ఊడివచ్చింది. రెండో గాడిలోదీ పీకేశాడు. చిత్రిక తీసి చెక్కపట్టీల అంచులు చెక్కడం మొదలుపెట్టాడు. చాలు అనిపించిన చోట ఆగలేదు. ఇంకా చెక్కాడు. చెక్కపొట్టు అతని చొక్కా మీదా, భుజాల మీదా, తల మీదా పడింది. చెమట ధారలు కట్టింది. మధ్యలో ఒకసారి ఆగి, గోడకి ఆనుకుని, ఊపిరి తీసుకున్నాడు.

"వద్దులెండి, రేపు చేద్దురుగాని," అంది ఆవిడ కంగారుగా.

"అయిపోయింది. ఇంక రెండు తోపులే."

తలుపు మళ్ళీ గాడిలో పెట్టాడు. వేలితో తట్టాడు. లొడలొడలాడింది. కుర్రతనంలో డ్రైవరు తిట్టిన తలుపు కూడా ఇంత లొడ కాదు. రెండువైపులా వెలుతురు కనిపిస్తోంది. దొరగారు దూరేంత కాదు, చూసినవాళ్ళు నవ్వేంత. షెడ్డువాళ్ళు ఎవరైనా చూస్తే తన పేరు మార్చేస్తారు. అతనికి నిజంగానే సిగ్గేసింది. అటు చూస్తే ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఏమిటి?"

"మీరు చేసింది లొడలొడమంటుంటే ఎంత ముద్దుగా ఉందో."

"ఎత్తి చూడు ముందు. తర్వాత ముద్దులు."

ఆవిడ ముంజెయ్యి చాచింది. మేస్త్రి ఊపిరి బిగబట్టి ఆ చేతివైపే చూస్తున్నాడు. చూసినకొద్దీ ఆ చెయ్యి ఇంకా వణికింది. కర్ర తప్పి, పలకకి తగిలి, పక్కకి పోయింది. పళ్ళెంలో ఆకు కింద పడింది.

"మీరు చూడకండి," అంది. "ఎవరైనా చూస్తుంటే మరీ ఎక్కువవుతుంది. నాకు చేతులాడవు."

"నేను ఎవరైనానా?"

"మీరైతే మరీను."

మేస్త్రి లేచాడు. బల్ల దగ్గరి కుర్చీ తెచ్చి, గోడవైపు తిప్పి వేసి, ఆవిడకి వీపు పెట్టి కూర్చున్నాడు. "చూడను. ఒట్టు. నువ్వు చెప్పేదాకా తల తిప్పను," అన్నాడు. గోడ మీద సున్నం ఒక చోట పెచ్చు లేచి ఉంది. దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

వెనక ఏ చప్పుడూ లేదు. ఆవిడ ఊపిరి వినిపిస్తోంది. గాజులు గలగలమన్నాయి. తర్వాత లొడ అన్న చిన్న చప్పుడు. మేస్త్రి రెండు చేతులూ మోకాళ్ళ మీద బిగించాడు. లొడలొడ, లొడలొడలొడ. ఆ చప్పుడు కింద మొదలై పైకి పాకింది. వణుకు పోయినచోటికల్లా తలుపు పోతోంది, ఎక్కడా పట్టుకోవడం లేదు. మేజోడులో నట్లు టిక్కుటిక్కుమంటూ కిందికి దిగాయి. ఇసకలో కాళ్ళ చప్పుడు. ఆపైన ఆకు చిరిగిన చప్పుడు, చాలా చిన్నది. వెంటనే ఆవిడ నవ్వు.

జీవితమంతా ఏ చప్పుడుకి భయపడి బతికాడో ఆ చప్పుడు వింటూ కూర్చున్నాడు మేస్త్రి. ఇంత సంతోషం అతనికి ఎప్పుడూ కలగలేదు. వెనక్కి తిరిగి ఆ ముఖం ఒక్కసారి చూడాలనిపించింది. ఒట్టు పెట్టాడు కదా అని ఆగాడు. ఎడమ చెయ్యి బరువెక్కింది. దాన్ని ఒళ్ళోకి తీసుకుని, వీపు కుర్చీకి ఆనించాడు.

"తిన్నారండీ," అంది ఆవిడ. "ఇంకోటి ఇస్తున్నాను. ఏంటా తొందర, వేలు కొరికేస్తారా ఏమిటి. చూశారా మీ తలుపు, నా కంటే ఎక్కువ వణుకుతోంది."

దొరగారు పళ్ళెం ఖాళీ చేశారు. ప్రతి ఆకుకీ ఆవిడ తలుపు తీసింది, తీసిన ప్రతిసారీ తలుపు మెల్లగా దిగివచ్చింది. ఆకు ఆకుకీ వెనక్కి చూడకుండానే మొగుడికి కబుర్లు చెప్పింది. బడిలో పిల్లలు దొరగారికి చాక్‌పీసు తినిపించబోయిన సంగతి చెప్పింది. మొన్న వీధి తలుపు సందులోంచి మేస్త్రి తనని చూడడం తను చూశానని, అడిగితే బాధపడతారని అడగలేదని చెప్పింది. చెప్పి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పొట్ట నిండిన దొరగారు రాయెక్కి, దీపం కింద ఒళ్ళు పరుచుకుని, గడ్డం ఆనించి కళ్ళు మూశారు.

"ఇంక చాల్లెండి, ఇటు తిరగండి," అంది ఆవిడ.

మేస్త్రి తిరగలేదు.

"చెప్పాను కదండీ, చూడొచ్చు."

ఇచ్చిన మాట తప్పని మనిషి. కునుకు పట్టిందేమో అనుకుంది ఆవిడ. చిత్రిక పట్టి అలిసిపోయాడు, కాసేపు పడుకోనిద్దాం అనుకుని, కింద చెదిరిన ఇసక ముంజేత్తో కూడదీసింది. తర్వాత దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ చెయ్యి వేసేసరికి భుజం మీది చెక్కపొట్టు కొంత జలజల రాలింది. చెయ్యి మాత్రమే వణుకుతోంది. కింద భుజం కదలడం లేదు.

ఆవిడ చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేదు.

వెల్డరూ షెడ్డువాళ్ళూ వచ్చి చెయ్యవలసినవన్నీ చేశారు. ఆవిడ చెల్లెలు వచ్చి తోడుగా ఉంది. నాలుగు రోజులు గడిచాక, "అక్కా, మా ఇంటికి వచ్చెయ్యి. ఈ తొండని ఎవరికైనా ఇచ్చేద్దాం. దీన్ని ఎవరు చూస్తారు ఇంక?" అంది.

"దొరగారు," అంది అక్క. "తొండ అనకు. నేనే చూస్తాను."

మధ్యాహ్నమైంది. దొరగారు మేల్కొని రాయి మీద కూర్చున్నారు. ఆవిడ పళ్ళెం ముంజేతుల మీద పెట్టుకుని వచ్చింది. పరామర్శకి వచ్చిన వెల్డరు తలుపు లొడలొడ విని, వంగి గాడి చూసి, రెండువైపులా సందు చూసి, "మావయ్యే చేశాడా అత్తా దీన్ని?" అని అడిగాడు.

"ఆయనే. నాకోసం పాడుచేశారు," అంది ఆవిడ. ఆ మాటకి అంత పెద్ద మనిషీ వాకిట్లోకి వెళ్ళి, జేబురుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

చెల్లెలు ఇల్లు ఊడుస్తూ, గోడవైపు తిరిగి ఉన్న కుర్చీని ఇటు తిప్పి వేసింది. ఆవిడ పళ్ళెం కింద పెట్టి వచ్చింది. కుర్చీ చేతికి ముంజెయ్యి తగిలించి, ఈడ్చుకుంటూ, మళ్ళీ గోడవైపే తిప్పింది.

"ఎందుకక్కా అలా?"

"ఆయన ఇటు చూస్తుంటే నాకు చేతులాడవు," అంది ఆవిడ. వెళ్ళి దొరగారి ముందు కూర్చుని, కర్ర కింద ముంజెయ్యి పెట్టింది.

కుర్చీ అలాగే ఉంది, వీపు ఇటు, ముఖం గోడకి. వెనక చెక్క మీద, భుజాలు ఆనిన చోట, కాస్త చెక్కపొట్టు ఇంకా అంటుకుని ఉంది.